సంతకం అయ్యాక పాతికేళ్లు ఎవరు చూసుకుంటారు? పీపీపీలకు జాతీయ విధానం గురించి నా జవాబు

మీరు అడిగింది ఇది: రోడ్లు, నీళ్లు, మెట్రో లాంటి వాటిలో ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యాలకు, అంటే పీపీపీలకు, దేశం మొత్తానికి ఒక విధానం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? టెండర్ పద్ధతి పారదర్శకంగా ఉంటే చాలదా? పబ్లిక్ పాలసీ చదువుతున్నానని, దీని మీద ఒక నోట్ రాయాలని కూడా చెప్పారు.

చాలదండీ. టెండర్ వరకు మన దగ్గర నియమాలు ఫర్వాలేదు. ఒప్పందం మీద సంతకాలు అయిన మర్నాటి నుంచి పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో ప్రభుత్వం తరఫున దాన్ని ఎవరు చూసుకుంటారు అన్నదే ఎవరికీ పట్టదు. మీ నోట్ అక్కడ మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

ఎందుకంటున్నానో చెప్పే ముందు నా గురించి రెండు మాటలు. మాది నెల్లూరు జిల్లా. ఇంజనీరింగ్ అయ్యాక చెన్నై వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. పన్నెండేళ్లు పీపీపీ రోడ్ల మీద ఇండిపెండెంట్ ఇంజనీర్ టీముల్లో పనిచేశాను. మేం ఐఈ అంటాం. ఐఈ ప్రభుత్వం మనిషి కాదు, కంపెనీ మనిషీ కాదు. ఫీజు ఇద్దరూ చెరిసగం భరిస్తారు. పని ఒప్పందం ప్రకారం జరుగుతోందో లేదో చూసి చెప్పడం మా బాధ్యత. రెండు వైపుల ఉత్తరాలూ మా టేబుల్ మీదుగానే వెళ్తాయి కాబట్టి, తగాదా ఎక్కడ పుడుతుందో అందరికంటే ముందు మాకే తెలుస్తుంది.

ముందు ఇప్పటికే ఉన్నవి త్వరగా చూద్దాం. 2005లో కేంద్రం పీపీపీఏసీ అనే కమిటీ పెట్టింది. కేంద్ర శాఖల పెద్ద పీపీపీ ప్రాజెక్టులు దాని పరిశీలన దాటాలి. దాదాపు అదే సమయంలో వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ వచ్చింది. జనానికి అవసరమే కానీ వసూళ్లతో గిట్టుబాటు కాని ప్రాజెక్టుకు ఖర్చులో 20 శాతం దాకా కేంద్రం ఇస్తుంది, మరో 20 శాతం దాకా ప్రాజెక్టు పెట్టే రాష్ట్రమో శాఖో కలపవచ్చు. 2020లో మంచినీరు, మురుగునీరు, చెత్త, ఆరోగ్యం, చదువు లాంటి వాటికి దీన్ని 30 శాతం, 30 శాతంగా పెంచారు. హైవేలకు మోడల్ కన్సెషన్ అగ్రిమెంట్, అంటే నమూనా ఒప్పందం, ఉంది. రాష్ట్రాల్లో గుజరాత్ 1999లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో, తమిళనాడు 2012లో సొంత చట్టాలు చేసుకున్నాయి. కేంద్రంలో మాత్రం 2011లో జాతీయ పీపీపీ విధానం ముసాయిదాగా వచ్చి ముసాయిదాగానే మిగిలింది. 2014 బడ్జెట్‌లో 500 కోట్లతో 3పీ ఇండియా అనే సంస్థను ప్రకటించారు, అది ఏర్పడలేదు. 2015 నవంబర్‌లో విజయ్ కేళ్కర్ కమిటీ పీపీపీల మీద నివేదిక ఇచ్చింది. మీరు చదవాల్సింది ఒక్కటే ఉంటే అదే.

అంటే గేటు దగ్గర కాపలా ఉంది. లోపలికి వెళ్లాక ఏం జరుగుతోందో చూసే మనిషి లేడు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టు గురించి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. నాలుగు లేన్ల హైవే, టోల్ మీద నడిచేది. ఒప్పందం ప్రకారం అపాయింటెడ్ డేట్, అంటే ఒప్పందం అమల్లోకి వచ్చే రోజు, నాటికి 80 శాతం భూమి కంపెనీ చేతికి ఇవ్వాలి. కాగితం మీద ఇచ్చారు. ఇవ్వని మిగతా దాంట్లో ఒక ఊరి బజారు ఉంది. అక్కడ అండర్‌పాస్ రావాలి. ఫలానా సర్వే నంబర్లు మాకు ఇంకా రాలేదు, కరెంటు స్తంభాలు, నీళ్ల పైపు మార్చలేదు అని కంపెనీ ఉత్తరం రాసింది. జవాబు లేదు. మళ్లీ రాసింది. మేమూ గుర్తు చేశాం. ఈలోగా ప్రభుత్వం వైపు ప్రాజెక్ట్ డైరెక్టర్‌కి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన మంచి మనిషి, కష్టపడే మనిషి. ఒప్పందం, షెడ్యూళ్లు, పాత ఉత్తరాలు కలిపి ఒక అల్మారా నిండా ఉన్నాయి. అవి చదివి ఆయనకు ఒక అవగాహన వచ్చేసరికి ఆరు నెలలు పట్టింది. ఏడాది తిరిగాక ఆయనకీ బదిలీ అయింది. నేనున్న ఆరేళ్లలో అయిదుగురు ప్రాజెక్ట్ డైరెక్టర్లు మారారు. ప్రతిసారీ ఫైళ్లు పట్టుకుని వెళ్లి మొదటినుంచీ కథంతా చెప్పేవాణ్ని.

బల్లకి అవతల కంపెనీ కాంట్రాక్ట్స్ మేనేజర్ మాత్రం ఆరేళ్లూ ఒక్కరే. క్లాజు నంబర్లు ఆయనకు కంఠతా వచ్చు. ఏ ఉత్తరం ఏ తేదీన వెళ్లిందో, దానికి జవాబు రావాల్సిన గడువు ఎప్పుడు దాటిందో డైరీ చూడకుండా చెప్పేవారు. అందులో ఆయన తప్పేం లేదు, ఆయన ఉద్యోగమే అది. ఇటువైపు అలాంటి మనిషిని కూర్చోబెట్టకపోవడం మన తప్పు.

చివరికి, చాలా మటుకు పని అయింది కాబట్టి ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద టోల్ వసూలు మొదలైంది. ఒప్పందం దానికి ఒప్పుకుంటుంది. బజారు దగ్గరి అండర్‌పాస్ మాత్రం పెండింగ్ పనుల లిస్టులో పడి నాలుగేళ్లు ఉండిపోయింది. ఆ ఊరి పిల్లలు బడికి వెళ్లాలంటే నాలుగు లేన్లూ పరుగెత్తి దాటాలి. యాక్సిడెంట్లు జరిగాయి. అక్కడ ఒక టీకొట్టు ఉండేది. సైట్‌కి వెళ్లినప్పుడల్లా అక్కడ ఆగేవాణ్ని. "బ్రిడ్జి ఎప్పుడు సార్?" అని కొట్టు పెద్దాయన అడిగేవాడు. భూమి రావాలి, వస్తుంది అనేవాణ్ని. ఒక యాక్సిడెంట్ తర్వాత ఆయన అడగడం మానేశాడు. నేను అక్కడ ఆగడం మానేశాను.

ఆ జవాబు లేని ఉత్తరాలన్నీ తర్వాత క్లెయిమ్‌గా మారి, కోర్టు బయట మధ్యవర్తులు తేల్చే ఆర్బిట్రేషన్‌కి వెళ్లాయి. భూమి ఆలస్యంగా ఇచ్చినందుకు నష్టపరిహారం అడిగారు. ప్రభుత్వం తరఫున చెప్పడానికి వచ్చిన అధికారి ఆ ప్రాజెక్టుని చూసింది అంతకు మూడు నెలల ముందే. ఇక ఏం వాదిస్తారు?

అందుకే నేనైతే జాతీయ విధానంలో మొదటి నియమంగా ఇది రాస్తాను. ప్రతి పీపీపీ ఒప్పందానికి ప్రభుత్వం వైపు ఒక కాంట్రాక్ట్ సెల్ ఉండాలి. ఒక ఇంజనీరు, ఒక అకౌంట్స్ మనిషి, ఒక లాయరు. కనీసం అయిదేళ్లు కదలకూడదు, ముగ్గురూ ఒకేసారి మారకూడదు. ఈ సెల్ పేర్లతో సహా ఏర్పడిందని చూపిస్తే తప్ప పీపీపీఏసీ ఆమోదం ఇవ్వకూడదు. వాళ్ల జీతాల ఖర్చు ప్రాజెక్టు ఖర్చులోనే ముందుగా లెక్కగట్టాలి. వేల కోట్ల ప్రాజెక్టులో అది ఏపాటి డబ్బు?

"జాతీయ" విధానం అన్నారు కదా, ఆ మాటకి చెన్నైలో నేను రోజూ చూసిన ఉదాహరణ ఒకటి ఉంది. మధురవాయల్ నుంచి చెన్నై పోర్టు దాకా కూవం నది వెంబడి ఎలివేటెడ్ రోడ్డు. 2009 జనవరిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. హైవేల సంస్థ కేంద్రానిది, నది, భూమి రాష్ట్రానివి. స్తంభాలు నదిలో నీటికి అడ్డం వస్తున్నాయని 2012లో రాష్ట్ర ప్రభుత్వం పని ఆపించింది. 2014లో మద్రాసు హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. అయినా పని కదల్లేదు. కోయంబేడు వైపు వెళ్తుంటే సగంలో నిలిచిన స్తంభాలు ఏళ్ల తరబడి అలాగే కనబడేవి. కంటెయినర్ లారీలు పోర్టు గేటు దగ్గర కిలోమీటర్ల పొడవున ఆగి ఉండేవి. మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి సరుకు తెచ్చే డ్రైవర్లు ఆ క్యూలోనే వండుకుని తినేవాళ్లు. 2022 మేలో అదే రోడ్డుకి డబుల్ డెక్కర్‌గా మళ్లీ శంకుస్థాపన జరిగింది. మొదట్లో 2,000 కోట్ల లోపు అనుకున్నది అప్పటికి 5,800 కోట్లు దాటింది.

నది గురించి రాష్ట్రం అడిగింది తప్పని నేను అనను. 2015 డిసెంబర్ వరద చూసినవాళ్లెవరూ అనలేరు. కానీ ఆ ప్రశ్న కంపెనీతో సంతకం పెట్టకముందు తేలాలి. రాష్ట్రం కూడా ఒప్పందంలో బాధ్యత ఉన్న పక్షంగా ఉండాలి. రాష్ట్రం సహకరిస్తుందని పక్కన ఒక ఒప్పందం ఉంటుంది కానీ, సహకరించకపోతే ఏమవుతుందన్నది గట్టిగా ఉండదు. కేంద్రం, రాష్ట్రం మధ్య తగాదా వస్తే ఇన్ని రోజుల్లో తేల్చాలి, అప్పటిదాకా నష్టం ఎవరి ఖాతాలో పడాలి అని చెప్పగలిగేది జాతీయ స్థాయి చట్టం ఒక్కటే. ఏ రాష్ట్ర చట్టమూ ఆ పని చేయలేదు.

ఇక ఒప్పందాన్ని మధ్యలో మార్చడం. ఇది చాలా టెన్షన్ పెట్టే విషయం, ఎవరూ ముట్టుకోరు. ముప్ఫై ఏళ్ల తర్వాత ట్రాఫిక్ ఎంతుంటుందో ఎవరు చెప్పగలరు? పెళ్లప్పుడు రాసుకున్న లగ్నపత్రికతో సంసారం మొత్తం నడపలేం. మార్చాల్సిన అవసరం వస్తుంది. మార్చడానికి నిజాయితీ దారి లేకపోతే దొంగదారి పుడుతుంది, లేదా ప్రాజెక్టు చస్తుంది.

హైదరాబాద్ మెట్రో మన అందరికీ తెలిసిందే. 2008లో సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ నాయకత్వంలోని బృందం ఆ ప్రాజెక్టుకి ప్రభుత్వ సాయం అక్కర్లేదు సరికదా, తిరిగి మేమే 30,311 కోట్లు ఇస్తాం అంది. ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ అప్పుడే అభ్యంతరం చెప్పారు. సత్యం కుంభకోణం బయటపడ్డాక అది కూలిపోయింది. 2010లో ఎల్ అండ్ టీ దాదాపు అదే ప్రాజెక్టుకి 1,458 కోట్లు సాయం కావాలని అడిగి గెలుచుకుంది. ఒకే ఊరు, ఒకే పట్టాలు, రెండు అంకెల మధ్య అంత దూరం. హైవేల్లో కూడా ఇదే ధోరణి. 2011లో కిషన్‌గఢ్–ఉదయ్‌పూర్–అహ్మదాబాద్ రోడ్డుకి జీఎంఆర్ కంపెనీ ప్రభుత్వానికి తిరిగి ఏడాదికి 636 కోట్లు ప్రీమియం కడతానని గెలుచుకుంది. పర్యావరణ అనుమతుల ఆలస్యం కారణంగా చెప్పి 2013లో తప్పుకుంది. ఆ రోజుల్లో మా వాళ్లలో ఒక మాట నడిచేది: "ముందు గెలవనీ, తర్వాత మాట్లాడుకుందాం." మార్పు ఎప్పుడు, ఎంతవరకు చేయవచ్చో, ఎప్పుడు చేయకూడదో ముందే రాసి ఉంటే, చేసిన ప్రతి మార్పూ బయటపెట్టాల్సి ఉంటే ఆ మాట ఎవరూ అనరు.

ఢిల్లీ–నోయిడా మధ్య డీఎన్‌డీ వంతెనది ఇంకో రకం గుణపాఠం. కంపెనీకి 20 శాతం రాబడి ఖాయం అని ఒప్పందంలో రాశారు. ఏ ఏడాదైనా రాబడి అంతకంటే తగ్గితే ఆ లోటు ప్రాజెక్టు ఖర్చులో కలుస్తుంది. మరుసటి ఏడాది ఆ పెరిగిన ఖర్చు మీద మళ్లీ 20 శాతం. ఇలా లెక్క పెరుగుతూ పోవడమే కానీ తీరే దారి లేదు. మన ఊళ్లల్లో వడ్డీ వ్యాపారి చక్రవడ్డీ ఇలాగే ఉండేది. 2016లో అలహాబాద్ హైకోర్టు టోల్ ఆపేసింది, 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ క్లాజు పదిహేనేళ్ల పైన ఎవరికీ కనబడలేదా? ప్రభుత్వం వైపు ఏటా లెక్క చూసి, దాన్ని ప్రజల ముందు పెట్టాల్సిన మనిషి ఉంటే కోర్టు దాకా రానక్కర్లేదు.

అధికారుల భయం గురించి కూడా రాయండి. మార్పు సరైనదే అని తెలిసినా ఫైలు మీద సంతకం పెట్టరు. పెడితే పదేళ్ల తర్వాత విజిలెన్స్ వాళ్లు వచ్చి అడుగుతారు, పెట్టకపోతే ఎవరూ అడగరు. కేళ్కర్ కమిటీ ఇదే చెప్పింది: నిజాయితీగా తీసుకున్న నిర్ణయంలో పొరపాటు వేరు, అవినీతి వేరు, చట్టం రెండింటినీ వేరుగా చూడాలి. 2018లో అవినీతి నిరోధక చట్టం సవరించారు. నేను చూసినంతవరకు భయం మాత్రం అలాగే ఉంది. ఒక నిర్ణయాన్ని ఒక్క అధికారి కాకుండా కమిటీ తీసుకుని, కారణాలతో సహా అదే వారం వెబ్‌సైట్‌లో పెట్టాలి. దాచిన ఫైలే పదేళ్ల తర్వాత అనుమానం పుట్టిస్తుంది.

ఇప్పటిదాకా చెడినవే చెప్పాను. బాగా జరిగింది ఒకటి నా కళ్లతో చూశాను.

1990ల చివర్లో మా పెద్దనాన్న వాళ్లు ఆలందూరులో ఉండేవారు, చెన్నై ఎయిర్‌పోర్టుకి దగ్గర. అప్పుడది వేరే మునిసిపాలిటీ, దాదాపు లక్షన్నర జనం, డ్రైనేజీ లేదు. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు, నిండితే లారీ. వానాకాలంలో ట్యాంకులోది వీధిలోకి వచ్చేది. నేను కాలేజీ సెలవులకి వెళ్తే సాయంత్రం అయిదు కొట్టగానే పెద్దమ్మ కిటికీలన్నీ మూసేసేది, దోమలు. అప్పటి మునిసిపల్ ఛైర్మన్ ఆర్.ఎస్. భారతి హయాంలో ఊరంతటికీ మురుగునీటి వ్యవస్థ వేయాలని నిర్ణయించారు. డబ్బు చాలదు కాబట్టి అప్పు, గ్రాంటుతో పాటు జనం కూడా ముందే డిపాజిట్ కట్టాలన్నారు. ఇంటికి 5,000, వ్యాపారాలకి 10,000. శుద్ధి ప్లాంటు బీఓటీ పద్ధతిలో, అంటే కట్టి, కొన్నేళ్లు నడిపి, తర్వాత అప్పగించేలా, ప్రైవేటుకి.

పెద్దనాన్న ససేమిరా అన్నారు. "ఈ మునిసిపాలిటీకి ముందే డబ్బు కడితే బూడిదలో పోసిన పన్నీరే రా," అన్నారు నాతో. తర్వాత వీధి చివర ఒక మీటింగ్ పెట్టారు, ఆయన్ని తోడుగా తీసుకెళ్లింది నేనే. పైపు మీ వీధికి ఎప్పుడొస్తుంది, నెలనెలా ఎంత పడుతుంది, కట్టిన డబ్బు దేనికి వాడతాం అని ఒక్కొక్కటీ చెప్పారు. ఆయన తమిళం అంతంతమాత్రం, అయినా లేచి రెండు ప్రశ్నలు అడిగారు, రెండింటికీ జవాబు దొరికింది. మర్నాడు చీటీ డబ్బు ఎత్తి 5,000 కట్టారు. ఆ రసీదు బీరువాలో ఇంటి కాగితాలతో కలిపి దాచుకున్నారు. తర్వాత తవ్వకాలు, దుమ్ము, తిట్లు అన్నీ అయ్యాయి. కానీ వ్యవస్థ వచ్చింది, పనిచేసింది. దేశంలో ఒక పట్టణం మొత్తానికి మురుగునీటి వ్యవస్థ పీపీపీలో వేసిన తొలి ఉదాహరణగా ఇప్పటికీ ఆలందూరునే చెబుతారు.

అక్కడ ఎంత కట్టాలో, ఎందుకు కట్టాలో కట్టేవాడికి ముందే తెలుసు. అడిగితే చెప్పే మనిషి ఆ ఊళ్లోనే ఉన్నాడు. మన జాతీయ పత్రాల్లో ప్రజలు "వినియోగదారులు" అనే ఒక్క మాటగా మాత్రమే కనబడతారు. ప్రతి పీపీపీ ఒప్పందమూ ఆ ప్రాంతపు భాషలో, నాలుగు పేజీల సారాంశంతో, టోల్ గేటు దగ్గరా వార్డు ఆఫీసులోనూ దొరకాలి అని మీ నోట్‌లో రాయండి. సూళ్లూరుపేట టోల్ దాటే మన వాళ్లకి ఆ రోడ్డు ఒప్పందం ఎప్పటిదాకా ఉందో తెలుగులో చదువుకునే హక్కు లేదా?

ఇంకో మాట. ప్రతి పనీ పీపీపీలోనే చేయాలని లేదు. చెన్నైలో సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంట్లు రెండు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మీంజూరు దగ్గరిది ప్రైవేటు కంపెనీ కట్టి 2010లో నడపడం మొదలుపెట్టింది, రోజుకి 10 కోట్ల లీటర్లు నగర నీటి సంస్థ చెన్నై మెట్రో వాటర్ కొనాలని ఒప్పందం. నెమ్మేలిది అదే సైజు, 2013లో ప్రభుత్వ డబ్బుతో వచ్చింది. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయినప్పుడు, కండలేరు నుంచి మన కృష్ణా నీళ్లు కూడా అందనప్పుడు ఈ రెండు ప్లాంట్లు బాగా ఆదుకున్నాయి. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చిన రోజులవి, మా ఇంట్లో రోజుకి ఆరు బిందెలతో సరిపెట్టుకున్నాం. ఆ మీంజూరు నీళ్లు తాగాం కాబట్టి దాన్ని నేను తక్కువ చేయను. కానీ చెరువులు నిండుగా ఉన్న ఏడాది కూడా దాని ఖర్చు ఆగదు. ఇలాంటప్పుడు ప్రభుత్వమే కట్టి నడిపిస్తే ఎంత, ప్రైవేటుకిస్తే ఎంత అని టెండర్‌కి ముందు లెక్కేసి, ఆ లెక్క బయటపెట్టడం తప్పనిసరి చేయాలి. పీపీపీకి పుట్టిల్లులాంటి బ్రిటన్‌లోనే పీఎఫ్ఐ అనే అక్కడి పీపీపీ పద్ధతిలో కొత్త ఒప్పందాలు 2018లో ఆపేశారు.

చివరగా, ఒప్పందం ముగిసే రోజు గురించి మీ నోట్‌లో కనీసం ఒక పేజీ ఉంచండి, ఎందుకంటే ఎవరూ రాయరు. మీంజూరు ఒప్పందం పాతికేళ్లది, ఆ తర్వాత ప్లాంటు మెట్రో వాటర్ చేతికి రావాలి. అంటే 2030ల మధ్యలో. ఆ రోజు పంపులు, పైపులు, ఫిల్టర్ పొరలు ఏ స్థితిలో ఉన్నాయో చూసి "ఇది బాగుంది, ఇది మార్చి ఇవ్వండి" అని చెప్పగలిగిన ఇంజనీరు కావాలి. ఆ ఇంజనీరు ఇప్పుడు ఏ కాలేజీలోనో రెండో సంవత్సరమో మూడో సంవత్సరమో చదువుతూ ఉంటాడు. అతన్ని ఎప్పుడు తీసుకోవాలి, ఆ ప్లాంటులో ఎన్నేళ్ల ముందు నుంచి కూర్చోబెట్టాలి అన్నది ఆ పేజీలో రాయండి. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడే పెడితే చదివి నా మార్పులు చెబుతాను.